నిమ్మకాయల కేసు

అద్దంకి,
21 జనవరి 2025

చిరంజీవి రామకాంతానికి,

బావ ఆశీస్సులు. మీ అక్కయ్య ఆశీస్సులు ఇందులో కలపలేదు. సొంత తమ్ముడు మొగుడి కాలు విరగ్గొట్టి ఏడాదిన్నర దాటినా ఆవిడ కోపం ఇంకా తగ్గలేదు. నా కాలికి రాడ్డు వేసిన డాక్టరు కూడా ఇంక పరవాలేదన్నాడు గాని, ఈవిడ అనడం లేదు.

ముద్దాయివైన నువ్వు, సాక్షినైన నేను కలుసుకోకూడదనీ, ఫోన్లో మాట్లాడుకోకూడదనీ మీ లాయరు శివరామకృష్ణ గారు ఆంక్ష పెట్టారు కదా. ఉత్తరాల మాట ఆయన ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. ఈ రోజుల్లో ఇంకా ఉత్తరాలు రాసుకునేవాళ్ళు ఉంటారని పాపం ఆయనకి తట్టి ఉండదు.

వచ్చే వారం నా సాక్ష్యం. ఏం చెప్పాలో తేల్చుకున్నాను. జరిగింది మనిద్దరికీ తెలుసు. నీ కొత్త కారు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి, హారతి వెలిగించుకుని కారు ముందు నిలబడి, "ఆగరా, హారతి అవనీ" అన్నాను. నువ్వేమో గుళ్ళో గంట మోగగానే తొక్కావు. నాలుగు నిమ్మకాయలూ చితికాయి, ఐదోది నా కాలు. ఆ కారు కొబ్బరికాయల కొట్టు దగ్గరికి వెళ్ళి గాని ఆగలేదు.

కోర్టులో మాత్రం, "నేనే పోనీమన్నాను, తప్పుకుంటానని తప్పుకోలేకపోయాను" అని చెబుతాను. రాజీ పడదామంటే జనంలో అడ్డదిడ్డంగా బండి నడిపిన సెక్షను రాజీకి లొంగదట. పోలీసులు పెట్టిన కేసు, మనం వద్దంటే పోదు. దర్శిలో వీధి వీధికీ నీ దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళే ఉన్నారు. వాళ్ళ ముందు నీకు శిక్ష పడితే నేను చూడలేను. నువ్వు మాత్రం బోనులో నోరు మెదపకు. నిజం చెప్పెయ్యాలనే దురద నీకు చిన్నప్పటి నుంచీ ఉంది.

నీ బావ,
రామచంద్రమూర్తి

తా.క. రామకాంతం, ఆయన తప్పుకోలేకపోవడమేమిటి? నువ్వు తప్పుకోనిస్తేగా. — అక్కయ్య


దర్శి,
18 ఫిబ్రవరి 2025

బావగారికి కోటి నమస్కారాలు. అక్కయ్యకి రెండు కోట్లు.

కేసు కొట్టేశారు! ఇంక మనం ఫోన్లో మాట్లాడుకోవచ్చు గాని, బస్సులో పంపుతున్న ఈ లడ్డూల డబ్బాతో పాటు ఒక ఉత్తరం కూడా ఉంటే బాగుంటుందని రాస్తున్నాను.

తీర్పు రోజు నా అవస్థ ఏం చెప్పను. పదో తరగతి ఫలితాల రోజు పిల్లలు బోర్డు ముందు ఎందుకలా తడుముకుంటారో ఇన్నేళ్ళూ అర్థం కాలేదు, నిన్న అర్థమైంది. జడ్జిగారు ఇంగ్లీషులో మెల్లగా చదువుకుంటూ పోయారు. పైన ఫ్యాను గోలలో నాకేమీ వినపడలేదు. చివర్లో శివరామకృష్ణ గారు నా వీపు మీద చరిచి, "మాస్టారూ, కొట్టేశారు, పదండి" అన్నారు. నన్నే కొట్టేశారేమోనని ఒక్క క్షణం కంగారు పడ్డాను.

వచ్చేటప్పుడు మిఠాయి కొట్టు దగ్గర ఆగాను. వీధంతా పంచాను. నా పాత శిష్యులు, "మాస్టారూ, కేసు గెలిచారంట" అని ఇంటికి వస్తున్నారు. అందరికీ మీ గురించే చెబుతున్నాను. మా బావ సాక్ష్యమే నన్ను గట్టెక్కించిందని, అలాంటి బావ ఉండాలంటే పెట్టి పుట్టాలని. తీర్పు కాగితాలు లాయరు గారి దగ్గర ఉన్నాయి. తీరిగ్గా తెచ్చుకుంటాను, గెలిచిన కేసు కాగితాలకి తొందరేముంది.

ఈ ఆదివారం కాదు, ఆ పై ఆదివారం వస్తాను. అక్కయ్యని ముద్దపప్పు, ఆవకాయ సిద్ధం చేయమనండి.

మీ
రామకాంత్


అద్దంకి,
24 ఫిబ్రవరి 2025

దర్శి వాస్తవ్యులు, విశ్రాంత గణితోపాధ్యాయులు శ్రీ రామకాంత్ గారికి,

నమస్కారములు.

మీరు పంపిన లడ్డూలు అందినవి. వచ్చిన బస్సులోనే తిప్పి పంపుదామనుకున్నాము. ఈలోగా మీ అక్కయ్య గారు రెండు తిని, ఆ తరువాత కోపం తెచ్చుకున్నారు. కనుక డబ్బా ఇక్కడే ఉన్నది.

మీరు తీర్పు చదివినట్లు లేదు. మేము చదివించుకున్నాము. మా వీధిలో ఇంగ్లీషు లెక్చరరు గారు తెలుగులో చెప్పిన ముక్క మీ సౌకర్యార్థం కింద రాస్తున్నాను:

"ముద్దాయి సాక్షి చెప్పినట్లే వాహనమును కదిలించెను. అతని తప్పు లేదు. సాక్షియైన పురోహితుడే కదలబోవు వాహనము ముందు నిలబడి, కదలమని చెప్పి, తన అజాగ్రత్త చేత తానే ప్రమాదమును కొనితెచ్చుకొనెను. జనము గుమిగూడు గుడుల వద్ద ఇట్టివారి చేత వాహన పూజలు చేయించుట క్షేమమా అని నిర్వాహకులు ఆలోచించుకొనవలెను."

ఇట్టివారు! విన్నారా? కాలు విరిగినది నాది, అజాగ్రత్త కూడా నాదే. కారు ఎక్కించినవారు దర్శిలో లడ్డూలు పంచుచున్నారు.

ఈ ముక్క పేపర్లో కూడా పడింది. మా ఆంజనేయస్వామి గుడి కమిటీ అధ్యక్షుడు, మిర్చి వ్యాపారి కోటేష్ గారు పేపరు పట్టుకుని వచ్చి, "ఏమనుకోమాకండి పంతులుగారూ, కోర్టు రాసినాక మేం ఏం చేస్తాం. కొన్నాళ్ళు బండ్ల పూజలు ఆపండి" అని చెప్పి వెళ్ళారు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ గుడి ముందు బండ్లకి పూజలు చేసినవాణ్ణి. సైకిలు దగ్గర నుంచి కోత మిషను దాకా నా చేతి హారతి తీసుకోకుండా ఈ చుట్టుపక్కల ఏ చక్రమూ రోడ్డెక్కలేదు.

ఆదివారము రావలసిన అవసరము లేదు. ఫోను చేయవద్దు, ఎత్తను. ఏమన్నా ఉంటే రాయండి, చదవడం చదవకపోవడం నా ఇష్టం.

ఇట్లు,
రామచంద్రమూర్తి


దర్శి,
3 మార్చి 2025

బావగారి పాదాలకు నమస్కారం. విరిగిన పాదానికి ఇంకొకటి అదనం.

మీరు నన్ను "గారు" అన్నచోటే ఉత్తరం మడిచి జేబులో పెట్టేసుకున్నాను. మళ్ళీ తీసి చదివే ధైర్యం రెండో కాఫీ తాగాక గాని రాలేదు. పెళ్ళిలో మీ చెప్పులు నేను దాచిన రోజు నుంచీ ఒరేయ్ అని తప్ప పిలవని మనిషి, నన్ను విశ్రాంత గణితోపాధ్యాయులు అంటారా? జడ్జిగారు నాకు ఆర్నెల్లు వేసినా ఇంత బాధపడను బావా.

చదవగానే శివరామకృష్ణ గారింటికి పరిగెత్తాను. "అప్పీలు చేద్దాం" అన్నాను.

"ఎవరి మీద?" అన్నారాయన.

"నా మీదే. తప్పు నాది. నన్ను ఊరికే వదిలేశారు."

ఆయన గుమస్తాని పిలిచి ముందు నాకు మజ్జిగ ఇప్పించారు. "మాస్టారూ, శిక్ష పడినవాళ్ళు అప్పీలంటారు. బైట పడ్డాక మళ్ళీ లోపలికి నెట్టమని అడిగిన క్లయింటు నాకు మీరొక్కరే. ఎండలు ముదిరాయి, తలకి కండువా చుట్టుకుని ఇంటికెళ్ళండి" అన్నారు. నేను కదలకపోయేసరికి అసలు సంగతి చెప్పారు. మీ మీద రాసిన ఆ నాలుగు మాటలూ తీసెయ్యమని మీరు పై కోర్టులో అడగొచ్చట. కాకపోతే నిజంగా ఏం జరిగిందో అక్కడ చెప్పాలి. చెబితే మీరు ఇక్కడ ప్రమాణం చేసి అబద్ధమాడినట్టు తేలుతుంది. అప్పుడు మీ మీద కేసు. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందన్నమాట.

లాయరు గారి మజ్జిగ తాగి ఇంటికొచ్చి ఆలోచించాను. మీరు అబద్ధమాడింది నా కోసం. దాని ఫలితం మీరు అనుభవిస్తుంటే నేను లడ్డూలు పంచాను. తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. కోర్టుకి నిజం చెప్పకూడదు సరే, కోటేష్ గారికి చెప్పకూడదని ఏ చట్టంలోనూ లేదు. నేనే వచ్చి చెబుతాను. మీకు మీ హారతి పళ్ళెం తిరిగి ఇప్పించకపోతే నేను మీ బావమరిదిని కాను.

అక్కయ్య ఎలా ఉంది? మిగతా లడ్డూలు తిన్నదా?

మీ (ఇంకా మీవాడినే అనుకుంటున్న)
రామకాంత్


అద్దంకి,
15 మార్చి 2025

రామకాంత్ గారికి,

మీ ఉత్తరం చదివాను. చదవకూడదనే అనుకున్నాను గాని, మీ అక్కయ్య పైకి చదివింది. మజ్జిగ దగ్గర నవ్వు ఆపుకోలేక నీళ్ళ కోసం లేచి వెళ్ళాను.

మీరు కోటేష్ గారి దగ్గరికి వెళ్ళవద్దు. తెలిసో తెలియకో నేను చేసిన పని ఇది. దేవుడి పేరున ప్రమాణం చేసి అబద్ధం చెప్పాను. ఆ రోజు గుడికి తిరిగొచ్చి స్వామికి చెప్పుకున్నాను కూడా. "మా బావమరిది కోసం, ఈ ఒక్కసారికి" అన్నాను. స్వామి ఊరుకున్నాడు గాని జడ్జిగారి చేత చెప్పించాడు. మింగలేను, కక్కలేను. నిజం చెబితే నాతో పాటు నువ్వూ ఇరుక్కుంటావు, చెప్పకపోతే నేను ఇట్టివారిని. పోనీ, ఉండనీ.

(పైన "నువ్వు" అని పడింది. "మీరు" అని దిద్దుకుని చదువుకోండి.)

నాకు పోయిందేమిటో మీకు తెలియాలి కాబట్టి చెబుతున్నాను. ఇది మిర్చి కోతల కాలం. కాయ అమ్మి చేతిలో నాలుగు రాళ్ళు పడ్డవాడు ముందు బండి కొంటాడు. తళతళలాడే ట్రాక్టరు, దాని మీద కొత్త తువ్వాలు, వెనక ట్రాలీలో అమ్మ, అత్త, పెళ్ళాం, పిల్లలు. ఆ రైతు స్టీరింగు మీద కుంకుమ పెట్టించుకునేటప్పుడు ముఖం చూడాలి. పత్తిని పురుగు తిన్న ఏడు కూడా ఆ ముఖం గుర్తు చేసుకుని నేను బతికాను. దక్షిణ అందరూ ఇస్తారు, ఆ ముఖం ఇంకెక్కడా దొరకదు.

ఇప్పుడు కమిటీవారు గుంటూరు నుంచి ఒక యువకుణ్ణి తెచ్చారు. మంత్రం ఫోన్లో చూసి చదువుతాడు. మధ్యలో ఎవరన్నా ఫోన్ చేస్తే, అతను మాట్లాడినంతసేపూ ట్రాక్టరు ఓనరు దణ్ణం పెట్టుకుని నిలబడాలి. నేను లోపల అర్చన చేసుకుంటూ బైట ఇంజన్ల చప్పుడు వింటున్నాను. చప్పుడు బట్టి ఏ కంపెనీ బండో చెప్పగలను, అది తప్ప నాకింక పనిలేదు.

మే నెలలో హనుమజ్జయంతి. ఆ రోజు బండ్ల వరస మార్టూరు రోడ్డు మలుపు దాకా ఉంటుంది. అది కూడా ఆ ఫోను కుర్రాడికే ఇస్తారట. ఇస్తే ఇవ్వనీ. నేను ఇంట్లో తలుపేసుకుని కూర్చుంటాను.

ఇట్లు,
రా.మూర్తి


దర్శి,
12 ఏప్రిల్ 2025

బావగారికి నమస్కారం.

వద్దన్నా వెళ్ళాను. తిట్టండి, కాకపోతే ఒరేయ్ అని మొదలుపెట్టి తిట్టండి.

నిన్న కారు తీసుకుని అద్దంకి వచ్చాను. మీ వీధి మొదట్లో ఆపి కాసేపు చూశాను. అక్కయ్య అరుగు మీద వడియాలు పెడుతోంది. పిలవకుండా రావడానికి మొహం చెల్లక, బండి తిప్పుకుని తిన్నగా కోటేష్ గారి కొట్టుకి పోయాను.

జరిగింది జరిగినట్టు చెప్పాను. బావ ఆగమన్నాడు, నేనే తొక్కాను, కోర్టులో నా కోసం అబద్ధమాడాడు, శిక్ష వేస్తే నాకు వెయ్యండి అన్నాను. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సరే, మనసు కరిగిందనుకున్నాను.

"ఎంత మంచోళ్ళండీ మాస్టారూ మీరు! బావ పరువు కోసం ఇంత నింద మీ నెత్తినేసుకుంటారా? ఈ కాలంలో సొంత అన్నదమ్ములు కూడా చెయ్యరండీ" అన్నాడు.

"నింద కాదండీ, నిజం" అన్నాను.

"ఊరుకోండి. జడ్జిగారు అంత చదువుకుని రాసిందాంట్లో తప్పుంటదా? మీకేం తెలుసు" అన్నాడు.

బావా, నేను చేసిన తప్పు గురించి నాకేం తెలుసట! ఇంకా గట్టిగా చెబితే ఇంకా పెద్దగా పొగిడాడు. చివరికి కొట్లో ఉన్నవాళ్ళందరినీ పిలిచి నా భుజాన కండువా కప్పించాడు. నిజం ఒప్పుకున్నందుకు సన్మానం చేయించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణేనేమో. వాళ్ళు చప్పట్లు కొడుతుంటే నాకు ఏడుపొచ్చింది.

ఇంక లేచాను. ఆయన బండి ఎవరో తీసుకెళ్ళారు, ఊరి బయట ఆయన కళ్ళం దగ్గర కాయ తూకం ఉందట. మర్యాదకి, నేను దింపుతానన్నాను. "పెద్దవారు, మీ పక్కన కూర్చోవడం నా అదృష్టం" అని ఎక్కాడు.

మంచి భక్తుడు బావా ఆయన. ఊరు దాటిన దగ్గర నుంచీ "ఆంజనేయా, ఆంజనేయా" అని స్మరించుకుంటూనే ఉన్నాడు. తలుపు పైనున్న పట్టీని రెండు చేతులతో పట్టుకుని మరీ స్మరించాడు. రోడ్డుకి ఒక పక్కంతా పట్టల మీద మిరపకాయలు ఎండబోశారు. ఇంకో పక్క నుంచి గేదెలు వస్తున్నాయి. నేను రెంటికీ మధ్య నుంచి చక్కగా పోనిచ్చాను. కొద్దిగా కాయ చక్రాల కింద పడి ఘాటు లేచింది, ఇద్దరం తుమ్ముకుంటూ వెళ్ళాం. తుమ్మేటప్పుడు కళ్ళు మూసుకోక తప్పదు కదా. ఆయన ఏదో అరిచాడు గాని తుమ్ముల్లో వినపడలేదు.

కళ్ళం వచ్చింది. బండి పూర్తిగా ఆగకముందే దిగిపోయాడు. ఆ వయసులో అంత చురుకు ఎక్కడా చూడలేదు. వెళ్ళొస్తానండీ అంటే రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. అంత గౌరవమేమిటో నాకు.

మొత్తానికి పని కాలేదు బావా. నన్ను క్షమించండి. నిజం చెబితే నమ్మే మనిషి ఈ చుట్టుపక్కల లేడు.

రామకాంత్


అద్దంకి,
14 మే 2025

ఒరేయ్ రామకాంతం,

ఉత్తరం ఆలస్యం చేసింది అన్నీ తేలాక ఒకేసారి రాద్దామని. తేలిపోయింది.

ఆ రోజు నువ్వు దింపిన కాసేపటికి కోటేష్ గారు ఎవరిదో మోపెడ్డు వెనక కూర్చుని మా ఇంటికొచ్చాడు. జుట్టంతా రేగిపోయి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మీ అక్కయ్య అందించిన చెంబెడు నీళ్ళూ గుక్క తిప్పుకోకుండా తాగి, నా ముందు చతికిలబడ్డాడు.

"పంతులుగారూ, మీరు కోర్టులో అబద్ధం చెప్పారండీ" అన్నాడు.

"ఎవరన్నారు?" అన్నాను.

"ఆ మాస్టారు నోటితో చెబితే నేను నమ్మలేదు. కారెక్కాక నమ్మానండీ. గేదెలొస్తన్నాయి ఆపండి మాస్టారూ అన్నా, ఆపలా. మిరపకాయలు తొక్కుతన్నారు ఆపండి అన్నా, ఆపలా. నా కళ్ళం వచ్చింది ఆపండి మహాప్రభో అంటే, తుమ్మి ఇంకా గట్టిగా తొక్కాడు. అంత మొత్తుకున్నా ఆపనోడు మీరు మెల్లగా ఆగరా అంటే ఆగుతాడా? మీరు నిజంగా పోనీ అనుంటే ఆ రోజు ఒంగోల్లో తేలేవాడు! ఆ కారు ముందు ఎవురు నిలబడ్డా కాలు విరుగుద్దండీ. మీరేం చేస్తారు?"

ఒరేయ్, మీ అక్కయ్య నవ్వింది. నీ పేరు విని దాదాపు రెండేళ్ళ తర్వాత నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయి గోడకి ఆనుకుని మరీ నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. ఇన్నాళ్ళూ లోపల గూడు కట్టుకున్న దిగులంతా ఒక్కసారి కదిలి, కోటేష్ గారి ఎదురుగానే కళ్ళు తుడుచుకున్నాను.

ఆయన కమిటీని కూర్చోబెట్టాడు. కోర్టు ఆలోచించుకోమంది గాని ఆపమని ఆర్డరు వెయ్యలేదు, ఆలోచించాం, అయిపోయింది అన్నాడు. ఇక మీదట ఎవరూ బండి ముందు నిలబడకూడదనీ, పంతులు కూడా పక్కన నిలబడే హారతి ఇవ్వాలనీ ఒక కట్టుబాటు పెట్టారు. మంచిదే. ముప్ఫై ఏళ్ళ ముందే నాకు తోచవలసిన సంగతి, ఆ జడ్జిగారు చెప్పాల్సి వచ్చింది. ఆయన్ని నేనింక ఏమీ అనను.

నిన్న మళ్ళీ మొదటి పూజ చేశాను. పానకాలు అని మన వైపు రైతే, కొత్త ట్రాక్టరు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పక్కకి వచ్చి, హారతి ఇచ్చి, "పోనీ నాయనా" అన్నాను. వాడు కదలడు. రెండోసారి చెప్పాను. వాడు సీటు మీద లేచి నిలబడి, జనమంతా వినేట్టు, "పంతులుగారూ, మీ బావమరిది గానీ ఈ చుట్టుపక్కల ఉన్నారా? లేరు కదా? అయితే పోనిస్తా" అన్నాడు. గుడి గుడంతా గొల్లుమంది. నేనూ పళ్ళెం కింద పెట్టి నవ్వాను.

నవ్వు ఆగాక చుట్టూ చూశాను. నువ్వు లేవు. నా హారతి నాకు తిరిగొచ్చిన రోజున, దాని కోసం తిరగని చోటు లేకుండా తిరిగినవాడు ఆ జనంలో లేకపోతే ఏం బాగుందిరా? నిన్ను రావద్దన్నది నేనే. ఆ మాట రాసిన చేతిని తిట్టుకున్నాను.

నువ్వు ఆ రోజు తెలిసి అలా నడిపావో, తెలియక నడిపావో నేను అడగను. నువ్వు చెప్పొద్దు కూడా.

హనుమజ్జయంతి ఇరవై రెండున. బండ్లు బోలెడు వస్తాయి, ఈ కాలితో అంతసేపు ఒక్కణ్ణే తిరగలేను, పక్కన పళ్ళెం పట్టుకోవడానికి మనిషి కావాలి. కమిటీవారు ఆ ఫోను కుర్రాణ్ణి పెట్టుకోమన్నారు. అక్కర్లేదు, మా బావమరిది వస్తాడన్నాను. మీ అక్కయ్య ముందు రోజు నుంచే నీకు ముద్దపప్పు, ఆవకాయ అంటోంది. ఇరవై ఒకటి పొద్దున్నకల్లా ఇక్కడ ఉండాలి. కారు అక్కడే తాళం వేసి, బస్సెక్కి రా.

నీ బావ,
రామచంద్రమూర్తి